మా అమ్మకి తప్పుగా వినిపించిన పాట

(పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ రాతప్రతి. హోస్ట్ హైదరాబాద్ నుంచి, అతిథి బోస్టన్ నుంచి మాట్లాడారు.)

హోస్ట్: అక్కా, వినిపిస్తోందా?

అతిథి: బాగానే వినిపిస్తోంది తమ్ముడూ. ఇక్కడ పొద్దున్న ఏడు. గొంతు ఇంకా లేవలేదు. టీ తాగుతూ మాట్లాడతా, ఏమనుకోకు.

హోస్ట్: తాగండి, తాగండి. వింటున్నవాళ్లకి ఒక మాట. అక్కది గుంటూరు. చిన్నప్పటి నుంచి చర్చి క్వయర్‌లో ఆల్టో పాడారు. మొన్న ఫోన్ చేసి, "యూదుల క్వయర్ కచేరీకి వెళ్లొచ్చాను, రెండు రోజులుగా అదే చెవిలో మోగుతోంది" అన్నారు. వెంటనే మైక్ ముందు కూర్చోబెట్టేశాను. ముందు ఈ ఆల్టో సంగతి చెప్పండి. నాకు సంగీతం అంటే కారులో రేడియో, అంతే.

అతిథి: మన పాటకి వరస ఒకటే. పదిమంది పాడినా అందరిదీ అదే వరస. క్వయర్‌లో సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అని నాలుగు గుంపులు, నాలుగు వరసలు, అన్నీ ఒకేసారి. అసలు పాట ఎక్కువగా సొప్రానో వాళ్లకి దక్కుతుంది. ఆల్టోకి మిగిలేది రెండు మూడు స్వరాల చుట్టూ గిరికీలు కొట్టడం. నేను ఇంట్లో నా లైన్ సాధన చేస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి, "ఏమే, పాట తప్పు పాడుతున్నావు" అని అరిచేది. తప్పు కాదమ్మా, మిగతా ముగ్గురూ లేరు, అంతే అని ఎంత చెప్పినా నమ్మేది కాదు. ఆదివారం చర్చిలో విన్నాక, "ఓహో, ఇదా" అంది.

హోస్ట్: (నవ్వు) మీ అమ్మగారిది న్యాయమే. సరే, కచేరీకి వద్దాం.

అతిథి: మొదటి పాట హీబ్రూలో. నాకు ఒక్క ముక్క రాదు. కానీ మధ్యలో "బావెల్" అని వినిపించింది, బబులోను, అంటే బాబిలోన్! మనం బైబిల్ కీర్తనల గ్రంథంలో 137 అంటామే, అది. చెరలో ఉన్న యూదులు బబులోను నది ఒడ్డున కూర్చుని ఏడుస్తుంటే, పట్టుకెళ్లినవాళ్లే "మీ ఊరి పాట ఒకటి పాడండి" అంటారు. వీళ్లు సితారాలు చెట్లకి తగిలించేసి, పరాయి నేల మీద ఎలా పాడతాం అంటారు. సండే స్కూల్‌లో కంఠతా పెట్టిన కీర్తన. ఒళ్లు జలదరించింది.

హోస్ట్: పాడం అని చెప్పే పాటని పాడుతున్నారన్నమాట.

అతిథి: అదే! పైగా ఏ బాణీలో అనుకున్నావు? పక్కా ఇటాలియన్ బాణీ. కట్టినాయన సాలమోనె రోస్సి, ఆయనా యూదుడే. ఇటలీలో మాంటువా అనే ఊళ్లో గొంజాగా ప్రభువుల కొలువులో వాద్యకారుడు. మాంటెవెర్డి అనే మహా స్వరకర్త పనిచేసింది కూడా ఆ కొలువులోనే. రోస్సి 33 హీబ్రూ పాటలకి మూడు గొంతుల నుంచి ఎనిమిది గొంతుల దాకా వరసలు కట్టి 1622-23లో వెనిస్‌లో అచ్చు వేయించాడు. అచ్చులో ఒక తంటా వచ్చింది. హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారు. సంగీతం ఎడమ నుంచి కుడికి. ఏది తిప్పాలి?

హోస్ట్: అయ్యబాబోయ్. ఏది తిప్పారు?

అతిథి: ఏదీ తిప్పలేదు. స్వరాలు ఇటు నుంచి, కింద హీబ్రూ మాట అటు నుంచి. పాడేవాడు కళ్లు రెండు వైపులా పరిగెత్తించుకోవాల్సిందే. నాకైతే ఆ యూదుల బతుకంతా ఆ పేజీలోనే కనిపిస్తుంది.

హోస్ట్: అప్పట్లో సొంతవాళ్లు ఊరుకున్నారా? చర్చి పాటలా ఉందనలేదా?

అతిథి: అనకుండా ఉంటారా? క్రీస్తుశకం 70లో రోమన్లు యెరూషలేములో యూదుల దేవాలయాన్ని కూల్చారు. దాంతో అక్కడ పాడే లేవీయుల బృందం కూడా పోయింది. గుడే లేనప్పుడు వాద్యాలెందుకు, వేడుక ఎందుకు అని శతాబ్దాలుగా ఒక దుఃఖం. సంప్రదాయం పాటించేవాళ్లు సబ్బాతు రోజున, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినాన, ఇప్పటికీ వాద్యాలు ముట్టరు. అందుకే వాళ్ల దగ్గర గొంతుకి అంత విలువ. వెనిస్‌లో లెయోన్ మొదెనా అనే రబ్బీ, అంటే యూదుల మతగురువు, ఉండేవాడు. సినగాగ్‌లో, అంటే వాళ్ల ప్రార్థన మందిరంలో, ఇలా పాడొచ్చని 1605లోనే తీర్పు రాశాడు. రోస్సికి అండ ఆయనే. కానీ 1630లో మాంటువా మీద సైన్యం పడి దోచుకుంది. యూదుల పేట ఖాళీ అయింది. ఆ పాటలు మళ్లీ అచ్చయింది 1870ల్లో, పారిస్‌లో. దాదాపు 250 ఏళ్ల మౌనం.

హోస్ట్: ఒక మొండి ప్రశ్న అడుగుతాను. బాణీ ఇటలీది అయితే అది యూదుల పాట ఎలా అవుతుంది?

అతిథి: మన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు రాగాల్లో, తాళాల్లో ఉంటాయి. అవి క్రైస్తవుల పాటలు కాదంటావా? మా నాన్నమ్మ వింటే కొట్టేది నిన్ను. బాణీ ఎక్కడిదైనా, పాడుకునేవాళ్లు ఎవరన్నది చూడాలి. అరువు తెచ్చుకోవడం చిన్నతనం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది, కానీ అది ఇంకోసారి. 19వ శతాబ్దంలో వియన్నాలో సుల్జర్, బెర్లిన్‌లో లెవాండోవ్‌స్కీ పెద్ద సినగాగ్ క్వయర్‌లు నడిపారు. సుల్జర్ కోసం షూబర్ట్ అంతటి స్వరకర్త 1828లో హీబ్రూలోనే 92వ కీర్తన కట్టిచ్చాడు. అది మాత్రం వినండి, దొరుకుతుంది.

హోస్ట్: ఇదంతా గుడి లోపలి పాట. బయటికి ఎప్పుడొచ్చింది?

అతిథి: పోలండ్‌లో వూచ్ అనే ఊరుంది. బట్టల మిల్లుల ఊరు. 1899లో అక్కడ హజమీర్ అని ఒక క్వయర్ పెట్టారు. అంటే నైటింగేల్ పిట్ట, మనమైతే కోకిల అని పెట్టుకునేవాళ్లం. కుర్రకారు అప్పటికే ప్రార్థనలకి దూరమవుతున్నారు. యూదులుగా ఉండాలి, కానీ రబ్బీ ముందు కూర్చోవాలని లేదు. అలాంటివాళ్లు సాయంత్రాలు ఎక్కడికి వెళ్తారు? పాటకి వెళ్లారు. తర్వాత వేరే ఊళ్లలోనూ ఆ పేరుతో క్వయర్‌లు పుట్టాయి. ఇక్కడ బోస్టన్‌లో 1969లో జాషువా జేకబ్‌సన్ మొదలుపెట్టిన జమీర్ కొరాల్ అనే క్వయర్‌ది కూడా ఆ పేరే. న్యూయార్క్‌లో మాథ్యూ లజార్ 1993లో టీనేజ్ పిల్లల కోసం పెట్టినదీ హజమీరే. అమెరికాలో, ఇజ్రాయెల్‌లో చాలా ఊళ్లలో శాఖలు. అందరూ ఒకే పాటల పుస్తకం ఏడాదంతా నేర్చుకుంటారు. చివరికి న్యూయార్క్‌లో కలిసి పాడతారు.

హోస్ట్: అంటే అక్కడ కలిసేదాకా ఒకరి మొహం ఒకరికి తెలియదు, కానీ పాట తెలుసు.

అతిథి: అవును. సంప్రదాయం గట్టిగా పాటించేవాళ్ల పిల్లలూ, అసలు పాటించనివాళ్ల పిల్లలూ ఒకే వరసలో నిలబడతారు. మాటల్లో అయితే పది నిమిషాల్లో గొడవపడేవాళ్లే. కచేరీలో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆమెదీ ఇంకో క్వయర్. "సినగాగ్‌కి వెళ్లక ఇరవై ఏళ్లు, రిహార్సల్ మాత్రం మానలేదు" అంది. ఎందుకండీ అంటే, "నేను వెళ్లకపోతే ఆల్టోలు ముగ్గురే మిగులుతారు" అంది. దేవుడు ఏమీ అనుకోడేమో కానీ ఆ ముగ్గురూ అనుకుంటారు!

హోస్ట్: (నవ్వు) అక్కా, టెరెజిన్ గురించి చెప్తానన్నారు.

అతిథి: చెప్తాను. టెరెజిన్ ఇప్పటి చెక్ దేశంలో ఉంది. నాజీలు దాన్ని యూదుల ఘెట్టోగా, అంటే వాళ్లని బంధించి ఉంచే పేటగా, అక్కణ్ణుంచి తూర్పున చావు శిబిరాలకి పంపే మజిలీగా మార్చారు. క్వయర్‌లు నడిపించే రాఫాయెల్ షెక్టర్ అనే కండక్టర్‌ని 1941 చివర్లో అక్కడికి తెచ్చారు. ఆయన ఖైదీలతో ఇటలీ స్వరకర్త వెర్డీ కట్టిన రెక్వియం పాడించాలని పూనుకున్నాడు. అది కాథలిక్కులు చనిపోయినవాళ్ల కోసం పాడే ఆరాధన, లాటిన్‌లో.

హోస్ట్: యూదులతో, అక్కడ, కాథలిక్ పాటా?

అతిథి: ఘెట్టో పెద్దలు కూడా అదే అడిగారు. మన పాటలు లేవా అని. ఆయన వినలేదు. చేతిలో ఉన్న స్వరపుస్తకం ఒకటే. పగలంతా వెట్టిచాకిరీ చేసి, ఆకలితో, చీకటి పడ్డాక నేలమాళిగలో చేరి, ఒక పాత పియానో పక్కన వరస వరసా విని కంఠతా పట్టారు. 150 మంది దాకా. పాడారు. తర్వాత రైళ్లు వచ్చాయి, క్వయర్‌లో చాలామందిని తూర్పుకి తీసుకుపోయారు. ఆయన కొత్తవాళ్లని పోగేసి మొదటి నుంచి నేర్పాడు. వాళ్లనీ తీసుకుపోయారు. మళ్లీ నేర్పాడు.

హోస్ట్: ...

అతిథి: మొత్తం 16 సార్లు పాడారు. ఆఖరిది 1944 జూన్‌లో, రెడ్‌క్రాస్ ప్రతినిధులు చూడటానికి వచ్చినప్పుడు. ముందు వరసలో నాజీల ఎస్ఎస్ దళం అధికారులు. క్వయర్ పాడుతున్నది తీర్పు దినం గురించి. దాచినదేదీ దాగదు, శిక్ష పడనిదేదీ మిగలదు అని ఆ లాటిన్‌లో ఉంటుంది. అది వాళ్ల మొహం మీద పాడారు. ఆ మాట మామూలుగా అనగలరా? చివర్లో "నన్ను విడిపించు" అని వస్తుంది. ఆ అక్టోబరులో షెక్టర్‌ని ఆష్విట్జ్‌కి పంపారు. తిరిగి రాలేదు.

హోస్ట్: ఒక్క నిమిషం ఆగుదాం అక్కా.

(విరామం)

హోస్ట్: టీ చల్లారిందా?

అతిథి: ఎప్పుడో. సరే, ఇందాక చెప్పని ఒక ముడి ఉంది. సంప్రదాయం గట్టిగా పాటించే చోట ఆడవాళ్లు మగవాళ్ల ముందు పాడకూడదు. కాబట్టి ఆడామగా కలిసి పాడే క్వయర్ అందరినీ కలుపుతుందని నేనంటే అబద్ధం. కొందరు బయటే ఉండిపోతారు. నాకు అది బాధగానే ఉంటుంది. అదే మన దేశంలోనే, కేరళలో చూడు. కొచ్చి యూదుల్లో మలయాళం పాటలు ఆడవాళ్లవే! పెళ్లిళ్లలో, పండగల్లో మగవాళ్లు వింటుండగానే గుంపుగా పాడేవాళ్లు.

హోస్ట్: మన గుంటూరు వైపు కూడా ఉన్నారు కదా?

అతిథి: చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తెలుగువాళ్లే ఉన్నారు. తాము యూదులమని చెప్పుకుంటారు. 1991 నుంచి సినగాగ్ ఉంది. మా ఊరికి అంత దగ్గరైనా నేనింకా వెళ్లలేదు, సిగ్గుగా ఉంది. వెళ్లాక చెప్తాను.

హోస్ట్: కొచ్చి వాళ్ల పాటలు ఇప్పుడెవరు పాడుతున్నారు?

అతిథి: 1950ల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. పిల్లలకి హీబ్రూ వచ్చింది, మలయాళం పోయింది. చాలా ఏళ్ల తర్వాత పెద్దావిడలు మళ్లీ కూడి పాడటం మొదలుపెట్టారు. చేత్తో రాసుకున్న నోటుబుక్కులు తీసి చూస్తే, ఒకే పాట ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంది.

హోస్ట్: మరి ఎవరిది తప్పు?

అతిథి: మా అమ్మనడుగు.