‘నీఱు’ నీరైపోయిన పేజీ
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మనిషి, కృత్రిమ మేధ కలిసి పనిచెయ్యడం గురించి మాట్లాడమన్నారు. లోకం మొత్తం సంగతి నేను చెప్పలేను. రిటైరైనప్పటి నుంచీ నేను కూర్చుంటున్న బల్ల దగ్గర చూసింది చెప్తాను. నా పని పాత తెలుగు పుస్తకాల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం. స్కాన్ చేసిన పేజీ బొమ్మని యంత్రం చదివి అక్షరాలుగా మారుస్తుంది. దీన్ని ఓసీఆర్ అంటారు. యంత్రం చదివినదాన్ని మేం కొంతమందిమి బొమ్మతో పోల్చి దిద్దుతాం. కాపీరైటు తీరిన పుస్తకాలు, ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లోకి వెళ్తాయి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళకి కాపీరైటు తీరుతుంది కాబట్టి, చెయ్యాల్సిన పుస్తకాలకి కొదవ లేదు.

మొదట్లో ఓసీఆర్ చాలా తప్పులు చేసేది. మన లిపి సంగతి మీకు తెలుసు. న, స ఒకేలా ఉంటాయి. వకీ పకీ తేడా తలకట్టు ఎక్కడ అంటుకుందన్నదే. పాత అచ్చులో ‘మ’ని, ‘వు’ని విడదీసి చూడటం మనకే కష్టం. ‘వాన కురిసింది’ అని ఉంటే ‘వాస కురిసింది’ అని ఇచ్చేది. విసుగొచ్చేది గానీ ఒక సుఖం ఉండేది. తప్పు తప్పులాగే కనపడేది. వాస కురవదని పదో తరగతి పిల్లకి కూడా తెలుసు. ఆ యంత్రానికి తెలుగు రాదు. గీతలు, సున్నాలు చూసి తనకి తోచింది రాసేది.

ఈ రెండుమూడేళ్ళలో వచ్చిన ఏఐ వేరు. దానికి భాష వచ్చు. చెదలు తిన్న పేజీ ఇచ్చినా గడగడా చదివేస్తుంది. ముప్పావుగంట పట్టే పేజీ పది నిమిషాల్లో అయిపోతోంది. కంటి ఆపరేషన్ అయిన నాలాంటి వాడికి ఇదెంత ఊరటో చెప్పలేను. దాన్ని తిట్టడానికి నేనిక్కడికి రాలేదు. అది లేకపోతే మా గుంపు ఇప్పటికి సగం పుస్తకాలు కూడా ముట్టుకునేది కాదు.

ఒకరోజు ఏం జరిగిందో చెప్తాను. వందేళ్ళు దాటిన వచన పుస్తకం. అందులో ఒక వాక్యం, అతని కోపం ‘నీఱుగప్పిన నిప్పువలె’ ఉన్నదని. బండి ఱ. నీఱు అంటే బూడిద. ఇవాళ మనం నివురుగప్పిన నిప్పు అంటాం, అదే. పాత ఓసీఆర్ దాన్ని ‘నీజుగప్పిన’ అని చదివింది. అర్థం లేదు, కన్ను అక్కడే ఆగుతుంది. కొత్త ఏఐ ‘నీరుగప్పిన నిప్పువలె’ అని శుభ్రంగా రాసింది. మా గుంపులో ఒక అమ్మాయి, చాలా జాగ్రత్త గల పిల్ల, దిద్ది పంపేసింది. ఆమె తప్పేం లేదు. వాక్యంలో ప్రతి పదమూ తెలుగే, ఎక్కడా ఎర్రగీత పడలేదు.

నాకు అనుమానం వచ్చి, అసలు బొమ్మ తెరిచి చూస్తే బండి ఱ దర్జాగా కూర్చుని ఉంది. ఏఐని అడిగాను, నీరు కప్పిన నిప్పు అంటే ఏమిటని. ‘పైన నీళ్ళు పోసినా లోపల ఆరకుండా ఉన్న నిప్పు’ అని చక్కగా అర్థం కూడా చెప్పింది. నాకు నిజంగా భయం వేసింది. నిప్పుని కాపాడేది బూడిద, ఆర్పేది నీరు. ఒక్క అక్షరంతో సామెత తలకిందులైంది. పైగా తలకిందులైన సామెతకి వ్యాఖ్యానం కూడా తయారైపోయింది. ఇలాంటివి నాలుగు పుస్తకాల్లోకి ఎక్కితే, రేపు ఇంకో యంత్రం వాటినే చదివి నేర్చుకుంటుంది.

ఎందుకిలా చేస్తుంది? అది నేర్చుకున్న తెలుగులో ఎక్కువ భాగం ఈమధ్యది. ఈమధ్యవాళ్ళం మనం బండి ఱ రాయడం మానేశాం, అరసున్న మానేశాం. ఎక్కువమంది ఎలా రాస్తారో అది అలాగే రాస్తుంది. పాత పుస్తకంలో ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే అంకె. ‘తరుగు’ అంటే తగ్గడం, ‘తఱుగు’ అంటే కూర తరగడం. ఆ చిన్న గుర్తుల్ని అది చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. ఊడ్చినట్టు మనకి చెప్పదు.

ఇదే జబ్బు మనిషికీ ఉంది. నాకే ఉంది. వేమన పద్యం వచ్చిందంటే నేను పేజీ చూడను, నోటికొచ్చింది టైపు చేసుకుంటూ పోతాను. ‘ఉప్పు కప్పురంబు’ పద్యంలో రెండో పాదం ‘చూడ చూడ రుచుల’ అని కొట్టేశాను. చిన్నప్పుడు నేర్చుకున్నది అలాగే. పుస్తకంలో ఉన్నది ‘చూడఁ జూడ’. నన్ను పట్టుకున్నది ఎవరో తెలుసా? ఆ తెలుగు రాని పాత ఓసీఆర్. దానికి పద్యం కంఠస్థం కాదు కాబట్టి, కనపడిన ‘జూ’ని ‘జూ’ అనే రాసింది. నా పాఠం, దాని పాఠం పక్కపక్కన పెడితే ఆ ఒక్క అక్షరం దగ్గర రంగు మారింది.

అప్పటి నుంచి మేం పని తీరు మార్చాం. ప్రతి పేజీనీ ఇద్దరి చేత చదివిస్తాం. భాష రాని ఓసీఆర్ ఒకటి, భాష వచ్చిన ఏఐ ఒకటి. రెంటినీ ఒకదానితో ఒకటి కలపం. తేడా ఉన్న చోట రంగు వేసే చిన్న ప్రోగ్రాం ఉంది. మనిషి ఆ రంగు దగ్గర ఆగి, పేజీ బొమ్మ చూసి, తేల్చి రాస్తాడు. ‘నీజు’, ‘నీరు’ పక్కపక్కన ఉంటే, రెండూ కాదని, అది ‘నీఱు’ అని పట్టుకోవడం ఎంతసేపు?

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. 1820లో కడప వచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఏం చేశాడు? పండితుల్ని జీతానికి పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాల వెనక ఉన్నది ఆ శ్రమే. తాటాకు మీద రాసిన లేఖకులు కూడా మన ఏఐలాంటి వాళ్ళే. అర్థం కాని పాత మాట వస్తే తమకి తెలిసిన మాట పెట్టేసేవాళ్ళు. ఒక్క ప్రతినే నమ్ముకుంటే ఆ సంగతి బయటపడదు. నాలుగు ప్రతులుంటే, ఎక్కడ తగాదా ఉందో అక్కడ పండితుడు కూర్చుంటాడు.

రెండు యంత్రాలూ కలిసి ఒకే తప్పు చేస్తే? చేస్తాయి. అందుకే బండి ఱ, అరసున్న, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, అంకెలు, వీటిని రంగు ఉన్నా లేకపోయినా కంటితో చూడాలని మాలో మేం అనుకున్నాం. ఇక వికీసోర్స్‌లో ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు ఒకటుంది, నాకది చాలా ఇష్టం. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. తను దిద్దిన పేజీని తనే ఆకుపచ్చ చెయ్యడానికి వీల్లేదు. ఏఐ ఇచ్చిన పేజీ ఎంత అందంగా ఉన్నా మా దగ్గర ఎరుపులోనే మొదలవుతుంది.

ఇప్పుడు పుస్తకాలు దాటి ఇంకో సంగతి. పోయినేడు ఆలేరు వైపు ఒక ఊళ్ళో, ఎనభైకి దగ్గరపడిన ఒక పెద్దమ్మ మాటలు రికార్డు చేసుకొచ్చాను. నేతవాళ్ళు. ఆమె వయసంతా ఆసు పోసింది. తెలియని పిల్లల కోసం చెప్తాను. చిటికీ చీరకి, అంటే పోచంపల్లి ఇక్కత్ చీరకి, నూలుకి రంగు అద్దేముందు, అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో పోసుకుంటూ పోవాలి. ఒక చీరకి చెయ్యి వేలసార్లు తిరగాలి. ఆమె అన్నది ఇది: “పొద్దుగాల లేసి ఆసు పోసేదాన్ని బిడ్డా, భుజాలు పడిపోయేటివి.”

ఈ రికార్డింగుని ఏఐకి ఇస్తే ఏం రాసిందంటే: “పొద్దున్నే లేచి ఆశ పోయేది బిడ్డా, భుజాలు పడిపోయేవి.”

చదివి చూడండి. ఎంత బాగుందో! ఎవరికైనా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆ మాట ఆమెది కాదు. ఆమె ఆశ పోయిందని అనలేదు, తన పని గురించి చెప్పింది. ‘పొద్దుగాల’ పోయింది, ‘లేసి’ పోయింది, అసలు చేతిపనే పోయింది. ఆమె యాసలో తప్పు ఉందని యంత్రానికి ఎవరు చెప్పారు? మనమే చెప్పాం. దశాబ్దాలుగా మనం ఆ యాసని రాయకపోవడమే, రాసినా దిద్దెయ్యడమే అది నేర్చుకుంది. ఇది నాకు బాధగా ఉంది, టీచరుగా నేనూ ఎర్రసిరాతో అలా దిద్దినవాణ్ణే.

అదే ప్రాంతంలో, తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం చేశారు. తల్లి పేరు మీద దానికి లక్ష్మి అని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రాన్ని నేను దగ్గర నుంచి చూశాను. అది వేలసార్లు తిరగాల్సిన చేతిని తప్పించింది. పువ్వు ఎక్కడ రావాలో లెక్క చూసి, అక్కడ రబ్బరు పట్టీ బిగించి కట్టేది ఇప్పటికీ మనిషే. ఏ నొప్పి తీసెయ్యాలో ఆయనకి తెలుసు, ఎందుకంటే ఆ నొప్పి ఆయన ఇంట్లోనే ఉంది. మా పనిలో కూడా టైపింగ్ నొప్పి పోయింది, దానికి నేను చాలా సంతోషిస్తున్నాను. ‘ఆసు’నా ‘ఆశ’నా అని తేల్చే పని మాత్రం ఆసు ఎరిగిన మనిషి చెవికే ఉండాలి. అలాంటి చెవులు మన మధ్య ఇంకా ఉన్నాయి, ఎన్నాళ్ళుంటాయో చెప్పలేం.

అందుకే ఈ సభకి ఆ రికార్డింగు కూడా తీసుకొచ్చాను. పన్నెండో నిమిషంలో పెద్దమ్మ మగ్గం గురించి చెప్తూ ఒక మాట అంటుంది. ఒక యంత్రం ఒకలా రాసింది, రెండోది ఇంకోలా రాసింది. నేను పాతికసార్లు విన్నాను, తేల్చుకోలేక ఆ చోటు ఖాళీగా వదిలేశాను. మళ్ళీ వెళ్ళి అడుగుదామంటే ఆమె పోయిన నెలలో కాలం చేశారు. ఇప్పుడు ఆ ముక్క వినిపిస్తాను. ముందు వరసలో నేతపని చేసిన పెద్దవాళ్ళు కూర్చున్నారు. కాస్త ఫ్యాన్లు ఆపండి. వినండి, ఆమె ఏమన్నదో మీరు చెప్పండి.