సగం తెర, పూర్తి తెర: ‘స్లీపింగ్ బ్యూటీ’ని ఇంట్లో మళ్లీ చూడటం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క చిత్రం గురించి. 1959 జనవరిలో అమెరికాలో విడుదలైన వాల్ట్ డిస్నీ ‘స్లీపింగ్ బ్యూటీ’ని నేను మూడు రూపాల్లో చూశాను: మొదట వీడియో క్యాసెట్‌లో, ఆ తర్వాత డీవీడీలో, చివరికి బ్లూరేలో. థియేటర్లో మాత్రం ఎన్నడూ చూడలేదు. కాబట్టి మీరు వినబోయేది ఒక సినిమాను ఇంటి పెట్టెలో తప్ప మరెక్కడా ఎరగని ప్రేక్షకుడి సాక్ష్యం. క్యాసెట్‌లో చూసినప్పుడు ఈ చిత్రం నాకు నచ్చలేదు. చల్లగా, నెమ్మదిగా, ప్రాణం లేనట్టుగా తోచింది. ఆ లోపం చిత్రానిదా, క్యాసెట్‌దా అన్నది తేల్చుకోవడానికే ఇన్నేళ్ల తర్వాత దాన్ని మళ్లీ చూశాను.

కథ మీకు తెలిసిందే కనుక రెండు మాటల్లో చెబుతాను. రాజదంపతులకు లేక లేక ఒక కూతురు పుడుతుంది. వేడుకకు పిలుపు అందని మంత్రగత్తె మాలెఫిసెంట్ నిండు సభలోకి వచ్చి, పదహారో పుట్టినరోజున పొద్దు గుంకేలోగా రాట్నపు కదురు గుచ్చుకుని ఈ పిల్ల చనిపోతుందని శపిస్తుంది. మంచి దేవతల్లో ఒకామె ఆ చావును నిద్రగా మారుస్తుంది. 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో రాసిన కథ, 1812లో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన జర్మన్ కథ, 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రదర్శించిన రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ బాలే నృత్యరూపకం, ఈ మూడూ కలిసి చిత్రానికి ముడిసరుకు అయ్యాయి. పెరో కథ ఉత్తరార్ధంలో, మనవల్ని వండించుకు తినాలని చూసే రాక్షసి అత్తగారు ఒకావిడ ఉంటుంది. ఆమెను చిత్రం వదిలేసింది. మంచిదే.

ఇక ఇంటి తెర సంగతికి వస్తాను. ఇళ్లలో టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకునే వీలు కల్పించిన బీటామ్యాక్స్ యంత్రం మీద 1976లో సోనీ సంస్థను కోర్టుకు లాగిన రెండు స్టూడియోల్లో డిస్నీ ఒకటి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో సోనీ పక్షాన తీర్పు చెప్పింది. మరో రెండేళ్లకు, 1986లో, అదే డిస్నీ సంస్థ ‘స్లీపింగ్ బ్యూటీ’ని స్వయంగా క్యాసెట్‌గా అమ్మకానికి పెట్టింది. అప్పటిదాకా ఈ చిత్రాలను కొన్నేళ్లకొకసారి బీరువాలోంచి తీసి, థియేటర్లకు పంపి, మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేయడం ఆ సంస్థ అలవాటు. ప్రతి తరం పిల్లలూ కొత్తగా టిక్కెట్టు కొనాలన్నది అందులోని లెక్క. ఇంటికి వచ్చిన క్యాసెట్ ఆ లెక్కను తారుమారు చేసింది. పిల్లలు ఒకే చిత్రాన్ని వారానికి పదిసార్లు చూడసాగారు.

అయితే వాళ్లు చూసినది ఆ చిత్రమేనా? ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోక తప్పదు. ‘స్లీపింగ్ బ్యూటీ’ని సూపర్ టెక్నిరామా 70 అనే పద్ధతిలో తీశారు. ఈ పద్ధతిలో 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలో నిలువుగా కాక అడ్డంగా నడుస్తుంది. ఒక్కో ఫ్రేముకు మామూలు ఫ్రేము కన్నా రెట్టింపు చోటు దొరుకుతుంది. థియేటర్ తెర మీద బొమ్మ ఎత్తు ఒక అడుగైతే వెడల్పు 2.35 అడుగులు. ఆనాటి టీవీ పెట్టెలో ఎత్తు ఒకటైతే వెడల్పు 1.33 మాత్రమే. మొదటిదాన్ని రెండోదానిలో నిండుగా పట్టించాలంటే నూటికి 43 వంతుల బొమ్మను కోసి పారేయాలి. క్యాసెట్ తయారుచేసినవారు అదే చేశారు. ఏ క్షణంలో ఏ ముక్కను ఉంచాలో ఒక సాంకేతిక నిపుణుడు ఎంచుకుంటాడు. ఎంచుకున్న ముక్క సరిపోకపోతే చట్రాన్ని ఇటు నుంచి అటు జరుపుతాడు. అలా జరిపినప్పుడు, చిత్రకారులు కదల్చని కెమెరా ఇంటి తెర మీద కదులుతుంది. చూసే పిల్లవాడికి ఆ తేడా తెలియదు. తెలియనంత మాత్రాన దాని ప్రభావం లేకుండా పోదు.

కొండ అద్దంలో కొంచెమై కనిపించడం మనకు కొత్త కాదు, దాన్ని తప్పుపట్టనూ లేము. సినిమా ఇంట్లో చిన్నదవుతుంది, కానివ్వండి. కానీ అద్దంలో కొండ సగమే పడితే, ఆ మిగిలిన సగంలో ఏముందో తెలియకుండానే మనం కొండ మీద తీర్పు చెప్పేస్తాం. నేను చేసినది అదే.

ఆ మిగిలిన సగంలో ఏముందో చెప్పాలంటే ఐవిండ్ ఎర్ల్ అనే చిత్రకారుడి గురించి చెప్పాలి. సాధారణంగా డిస్నీ చిత్రాల్లో నేపథ్యం పాత్రలకు లొంగి ఉంటుంది; కన్ను పాత్ర మీద నిలవాలని వెనక ఉన్నవాటిని మెత్తగా, మసకగా గీస్తారు. ఈ చిత్రంలో వాల్ట్ డిస్నీ ఆ పద్ధతిని తలకిందులు చేసి, మొత్తం చిత్రపు రూపురేఖలను ఎర్ల్ చేతిలో పెట్టాడు. మధ్యయుగపు ఐరోపా నేత చిత్రాలు, పదిహేనో శతాబ్దపు ఫ్రెంచి ప్రార్థనా గ్రంథాల్లోని చిత్రపటాలు, పర్షియా సూక్ష్మచిత్రాలు అతనికి ఆదర్శం. అతను గీసిన చెట్లు గుండ్రంగా ఉండవు. కొమ్మలు అరల్లాగా అడ్డంగా పరుచుకుంటాయి, మొదళ్లు స్తంభాల్లా నిలువుగా లేస్తాయి, బెరడు మీది నాచు చుక్క చుక్కగా ముత్యాలు పొదిగినట్టు కనిపిస్తుంది. దూరాన ఉన్న ఆకు కూడా దగ్గరున్న ఆకంత స్పష్టంగా ఉంటుంది. పాత్రలు ఈ అడవిలో తప్పిపోతున్నాయని యానిమేటర్లు గొణిగారు. వారి బాధ అబద్ధం కాదు, కానీ నా ఉద్దేశంలో పాత్రలు అలా చిన్నవై పోవడమే ఈ చిత్రం ఉద్దేశించిన అనుభవం. శాపం మనుషుల కన్నా పెద్దది, అడవి వారి కన్నా పాతది. నేత చిత్రంలో రాజూ కుందేలూ ఒకే దారంతో నేసినవి. ఎర్ల్ మాత్రం చిత్రం పూర్తి కాకముందే స్టూడియో విడిచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఈ నేతను మధ్యకు కత్తిరించి చూడండి. కొమ్మ మొదలు కనిపిస్తుంది, కొస కనిపించదు. స్తంభాల వరుస పోయి రెండే స్తంభాలు మిగులుతాయి. సభామండపంలో ఊయల దగ్గర నిలబడ్డ రాజదంపతులకూ, ఆకుపచ్చ మంటలోంచి దిగిన మాలెఫిసెంట్‌కూ మధ్య పరుచుకున్న ఖాళీ నేల పోతుంది. ఆ ఖాళీయే భయం. ఒక్కామె కోసం నిండు సభ వెనక్కి తగ్గిందని చెప్పేది ఆ జాగా ఒక్కటే. క్యాసెట్‌లో ఆ జాగా లేకపోవడంతో ఆమె ఇరుగుపొరుగు గొడవకు వచ్చిన మనిషిలా కనిపించిందంటే మీరు నన్ను క్షమించాలి.

దీనికి ఒక వింత ఫలితం కూడా ఉంది. దగ్గరి ముఖాలకూ, ముగ్గురు మనుషుల సంభాషణకూ ఇరుకు చట్రం అడ్డు కాదు. అందుకని కత్తిరించిన క్యాసెట్‌లో ఫ్లోరా, ఫానా, మెరీవెదర్ అనే ముగ్గురు దేవతల హాస్యం చెక్కుచెదరకుండా మిగిలింది. మంత్రదండం లేకుండా కేకు చేయబోయి చతికిలబడటం, దుస్తులు గులాబీ రంగువా, నీలివా అన్న తగవు, ఇవే నాకు చాలాకాలం గుర్తున్నాయి. యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ ఈ ముగ్గురికీ ప్రాణం పోశారు. పైగా కథను నడిపేది కూడా వీరే: శాపాన్ని సడలించేదీ, పిల్లను పెంచేదీ, రాకుమారుణ్ణి చెర విడిపించేదీ, కత్తికి గురి చెప్పేదీ. రాకుమార్తె అరోరా మాటకొస్తే, తాను ఎవరో తెలిసి కన్నీరు పెట్టుకున్న తర్వాత చివరి దాకా ఒక్క పలుకు పలకదు. రాకుమారుడు ఫిలిప్ కూడా మాలెఫిసెంట్ చెరలో పడ్డాక మూగవాడే. మాటలు లేని ఈ ఇద్దరి భావాలనూ చైకోవ్‌స్కీ సంగీతం, ఎర్ల్ అడవీ చెప్పాలి. అడవిని కోసేస్తే వారి నోరు రెండోసారి నొక్కినట్టే. నాయికా నాయకులు చెక్కబొమ్మల్లా ఉన్నారని నేను చేసిన ఫిర్యాదులో సగం ఆ కత్తెరకు చెందుతుంది. మిగతా సగం చిత్రానిదేనని ఇప్పటికీ అంటాను.

సంగీతం గురించి ఒక చిన్న పక్కమాట. పొయ్యి ఆరిపోయి, గోడ తెరుచుకుని, ఆకుపచ్చ వెలుగు ముద్ద ఒకటి మత్తులో ఉన్న అరోరాను మెట్ల మీదుగా రాట్నం దాకా నడిపించే ఘట్టం ఈ చిత్రంలో అన్నిటికన్నా భయంకరమైనది. అక్కడ వినిపించే స్వరాలు బాలేలో రెండు పిల్లుల సరసపు నాట్యం కోసం కూర్చినవి. చైకోవ్‌స్కీ సంగీతాన్ని చిత్రానికి మలిచిన జార్జ్ బ్రన్స్ వాటినే తీసుకుని, పిల్లి అరుపును వెన్ను జలదరించే మూలుగుగా మార్చాడు. ఇంట్లో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినే వీలు లేకపోతే ఈ సంగతి నా చెవికి ఎప్పటికీ తట్టేది కాదు.

2003లో డీవీడీ వచ్చినప్పుడు వెడల్పు తెర రూపం మొదటిసారి నా కంటబడింది. అసలు ఆశ్చర్యం 2008 బ్లూరేతో వచ్చింది. దాని కోసం మొదటి నెగిటివ్ దాకా వెళ్లారు. ఈ చిత్రాన్ని రంగుల ఫిల్ము మీద కాక నలుపు తెలుపు ఫిల్ము మీద తీశారు: ప్రతి బొమ్మనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెడ అద్దాల గుండా వరుసగా మూడుసార్లు చిత్రీకరించారు. 75 నిమిషాల చిత్రానికి సెకనుకు 24 ఫ్రేముల చొప్పున లక్షా ఎనిమిది వేల ఫ్రేములైతే, ఆ నెగిటివ్‌లో అంతకు మూడింతలు, అంటే మూడు లక్షల ఇరవై నాలుగు వేలు ఉండాలి. రంగుల ఫిల్ములోని అద్దకాలు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి అలా వెలవదు. కనుక అర్ధ శతాబ్దం తర్వాత కూడా ఆ మూడేసి ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పొందికగా కూర్చితే రంగులు తిరిగి లేచి వచ్చాయి. రాకుమార్తెను వంద ఏళ్లు నిద్రపుచ్చిన కథకు ఇంతకన్నా తగిన నెగిటివ్ ఉండదని నాకు నవ్వు వచ్చింది.

ఆ బ్లూరేలో బొమ్మ వెడల్పు 2.35 కాదు, 2.55. అంటే నెగిటివ్ మీద ఉన్నా థియేటర్ ప్రింట్లలో అంచుల దగ్గర పోయిన భాగం కూడా ఇంటి తెర మీదికి చేరింది. ఒకప్పుడు దాదాపు సగం బొమ్మను మింగేసిన ఇల్లే ఇప్పుడు 1959లో టిక్కెట్టు కొన్నవారికి దక్కని అంచును చూపిస్తోంది. ఇది లాభమే అయినా ఒక చిక్కు లేకపోలేదు. ఎవరూ ఎన్నడూ తెర మీద చూడని వెడల్పును ‘అసలు చిత్రం’ అనవచ్చునా? దుమ్ము, గీతలతో పాటు ఫిల్ముకు సహజమైన రేణువులను కూడా కంప్యూటరు తుడిచేసింది. రంగులు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే కొన్ని చోట్ల బొమ్మ నిన్న గీసినట్టుంది. నాకు ఆ శుభ్రత కొంచెం ఎక్కువే అనిపించింది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. సెల్ అనే పారదర్శకపు పలక మీద ప్రతి గీతనూ చేతితో, రంగుసిరాతో దిద్దిన చివరి డిస్నీ పూర్తి నిడివి కథాచిత్రం ఇది. రెండేళ్ల తర్వాత వచ్చిన కుక్కపిల్లల చిత్రం ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’ నుంచి జెరాక్స్ యంత్రం గీతలను అచ్చొత్తింది. మాలెఫిసెంట్ అంగీ అంచున ఉన్న ఊదారంగు గీత ఎక్కడ సన్నబడి ఎక్కడ లావెక్కిందో ఈ శుభ్రతలోనే కనిపిస్తుంది. ఆమెనూ అరోరానూ గీయించినది ఒకే మనిషి, మార్క్ డేవిస్. ఇద్దరినీ పక్కపక్కన ఆపి చూస్తే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు.

ఆపి చూడటం అన్నాను. ఇంటి తెర ఇచ్చిన అన్నిటికన్నా పెద్ద వరం ఆపే మీటే, ప్రమాదం కూడా అదే. ఒక్కో నేపథ్యం మీద వారం పది రోజులు పనిచేసిన ఎర్ల్ చిత్రాలు తెర మీద కొన్ని క్షణాలే నిలుస్తాయి. ఆపితే అవి చిత్రశాలలో పటాలవుతాయి; కానీ ఆపిన మరుక్షణం అది సినిమా కాకుండా పోతుంది. నేను ఎక్కువసార్లు ఆపినది చెరసాల ఘట్టంలో. పెరో కథలోని వంద ఏళ్ల నిద్ర చిత్రంలో జరగదు. ఇక్కడ అరోరా నిద్ర ఒక్క రాత్రికి మించదు. ఆ వంద ఏళ్లను చిత్రం మాలెఫిసెంట్ నోట పెట్టింది. సంకెళ్లలో ఉన్న ఫిలిప్‌కు ఆమె తన దండంలో భవిష్యత్తును చూపిస్తుంది: వంద ఏళ్లు గడిచాక చెర తలుపులు తెరుచుకుంటాయి, నడుం వంగిన ముసలి రాకుమారుడు ముసలి గుర్రమెక్కి, ఇంకా యవ్వనంలోనే ఉన్న ప్రియురాలిని లేపడానికి బయలుదేరతాడు. కొన్ని క్షణాల దృశ్యం. పాత కథలో కాలం ఒక వాస్తవం, ఈ చిత్రంలో కాలం ఒక వెక్కిరింత. ఇంత తెలివైన మార్పు చిన్నప్పుడు నా కంటికి ఆనలేదు.

ఈ చిత్రానికి దాదాపు 60 లక్షల డాలర్లు ఖర్చయింది. మొదటి విడుదలలో ఆ డబ్బు తిరిగి రాక స్టూడియో ఎంతోమంది యానిమేషన్ ఉద్యోగులను తొలగించింది. 2019లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో దీనికి చోటు దొరికింది.

ఇక మాటలు చాలు. ఊయల దగ్గరికి మాలెఫిసెంట్ వచ్చే ఘట్టాన్ని మీకు రెండుసార్లు చూపిస్తాను. మొదట 1.33 చట్రంలో, పాత క్యాసెట్ లాగా కత్తిరించి. ఆ వెంటనే పూర్తి వెడల్పులో. రెండోసారి దయచేసి ఆమెను చూడకండి. ఆమెకూ ఊయలకూ మధ్యనున్న నేలను చూడండి. దీపాలు ఆర్పండి.