మీ ఫిల్టర్ తప్పేం లేదు బాబూ, దొంగ ఆ వెంట్!

ఆగండి. పొడుగాటి పోల్ చివర బ్రష్ పెట్టి, ఫిల్టర్‌తో శుద్ధి చేసిన నీళ్లతో కిటికీలు కడిగేవాళ్లకే చెప్తున్నా: ఆ ఫిల్టర్ మార్చకండి, నీళ్లలో లవణాల్ని పట్టేసే ఆ రెసిన్ గుళికలు పారబోయకండి. నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే మీటర్‌లో సున్నా చూపిస్తోంది, నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. అయినా అద్దం ఆరేసరికి మచ్చలు! ఎక్కడి నుంచి వచ్చాయి? తల పైకెత్తి చూడండి. ఫ్రేమ్ పైభాగంలో సన్నగా, పొడుగ్గా, బయటివైపు టోపీలాంటి కప్పు పెట్టుకుని అమాయకంగా కూర్చుందే, గదిలోకి గాలి వచ్చే ఆ వెంట్... అదీ దొంగ!

పోయిన వీడియోలో వెంట్ ముట్టుకోకుండా దాని కింద నుంచి అద్దం మాత్రం కడిగి చూపించాను. అబ్బో, ఎంత గొడవ! డబ్బు తీసుకుని సగం పని చేస్తావా అన్నారు. బద్ధకం అన్నారు. సరే, ఇవాళ తేల్చేద్దాం. నా మాట ఒక్కటే: వెంట్‌నీ అద్దాన్నీ ఒకే ఊపులో కడిగేవాడు అద్దం కడగడం లేదు, పైనున్న మురికిని కిందికి దించుతున్నాడు. అంతే!

ఆ టోపీ కింద ఏముంటుందో ఎప్పుడైనా చూశారా? దుమ్ము, సాలెగూడు, చచ్చిన పురుగులు. పోల్ పెట్టి బ్రష్‌తో పైన రెండుసార్లు రుద్దగానే నీళ్లన్నీ అక్కడికి ఎక్కుతాయి. ఎక్కిన నీళ్లు వెంటనే దిగిపోతాయా? దిగవు. సన్నని సందుల్లో పట్టుకుని కూర్చుంటాయి. సాలెగూడు, దుమ్ము కలిసి తడిసిన వత్తిలా నీళ్లని దాచుకుంటాయి. మీరు అద్దం కడిగేసి, పోల్ ముడిచేసి, పక్క గోడకి వెళ్లిపోతారు. అప్పుడు మొదలవుతుంది... టప్. కాసేపాగి ఇంకోటి... టప్. మీ నీళ్లు సున్నాయే కావచ్చు, కానీ ఆ సందులోంచి బయటికొచ్చే నీళ్లు సున్నా కాదు కదా! పైన మట్టి అంతా తాగేసి వస్తున్నాయి. ఇవి ఆరితే మచ్చ పడక ముత్యం పడుతుందా?

మనవాళ్లేమో ఇంటికెళ్లి ఫిల్టర్ మీద పడతారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే!

నమ్మకం లేదా? మచ్చల్ని ఓసారి సరిగా చూడండి. నీళ్లే చెడ్డవైతే మచ్చలు అద్దం నిండా చిందరవందరగా ఉంటాయి. వెంట్ పని అయితే చారలు నిలువుగా ఉంటాయి, పైకి వెతుక్కుంటూ వెళ్తే సూటిగా వెంట్ కిందే తేలతాయి. ముఖ్యంగా టోపీ రెండు చివర్లు చూడండి, నీళ్లు అక్కడికే చేరి జారతాయి. వెంట్ లేని కిటికీ పక్కనే ఉంటే ఇంకా మంచిది. అదే నీళ్లు, అదే బ్రష్, అదే చెయ్యి, అది మాత్రం తళతళలాడుతుంటుంది. ఇంకేం సాక్ష్యం కావాలండీ?

చిన్న పక్కదారి. ఎట్టోరె స్టెక్కోనే అని ఒక ఇటాలియన్, అమెరికా వెళ్లి కిటికీలు తుడిచాడు. అప్పట్లో వాడే స్క్వీజీలు, అదే అద్దం మీద నీళ్లు లాగేసే రబ్బరు పట్టీ ఉన్న పిడులు, ఉక్కువి, మోత బరువు, రబ్బరు మార్చాలంటే బోలెడు స్క్రూలు విప్పాలి. ఈయన తేలికైన ఇత్తడి స్క్వీజీ చేసి 1936లో పేటెంట్ తీసుకున్నాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, స్క్వీజీ పట్టినవాడు అద్దం ముందే ఉంటాడు. పైనుంచి చుక్క జారితే భుజం మీద గుడ్డతో అక్కడికక్కడే తుడిచేస్తాడు. పోల్ వచ్చాక మనం కింద నిలబడ్డాం, అద్దాన్ని దానంతటదే ఆరమని వదిలేశాం. చుక్క పడేటప్పుడు చూసేవాడే లేడు! పైగా వెంట్లు పెరుగుతున్నాయి. ఇంగ్లండ్‌లో అయితే 2022 జూన్ నుంచి పాత కిటికీ తీసి కొత్తది పెట్టినా చాలా సందర్భాల్లో ఇవి ఉండాల్సిందే.

మరి వెంట్ ఎప్పటికీ కడగొద్దా అంటారు. నేనలా అన్నానా? కడగండి, కానీ అదొక వేరే పని. మొదటిసారి వెళ్లిన ఇంట్లో, ఇంటివాళ్లని లోపల వెంట్ మూత జరిపి మూసేయమని చెప్పండి. మూస్తే చుక్కలు ఆగుతాయని కాదు, టోపీ బయటే ఉంది కాబట్టి అవి ఆగవు. నీళ్లు గదిలోకి రాకుండా ఉండటానికి. నాకోసారి అనుభవం అయింది, లోపల కర్టెన్ తడిసి, ఆవిడ చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు! తర్వాత పొడి బ్రష్‌తో బూజు దులపండి. ముందే తడిపారా, బురదే. అప్పుడు ఆ వైపు ఉన్న వెంట్లన్నీ వరసగా, పై అంతస్తు నుంచి మొదలుపెట్టి, తక్కువ నీళ్లతో రుద్దేయండి. అద్దాల జోలికి వెళ్లొద్దు. చివరి వెంట్ అయ్యేసరికి మొదటిది కారడం చాలావరకు ఆగుతుంది. ఇంకా తడిగా ఉంటే పోల్ చివర మైక్రోఫైబర్ గుడ్డ కట్టి టోపీ కింది అంచుకి ఓసారి అద్దండి. అప్పుడు వెనక్కొచ్చి అద్దాలు.

ఆ తర్వాత నెలనెలా వెళ్లేటప్పుడు? వెంట్‌కి రెండు వేళ్ల కింద నుంచి మొదలుపెట్టండి, పైభాగం పొడిగా వదిలేయండి. అదే నేను పోయిన వీడియోలో చేసింది! సగం పని కాదండీ అది, తెలిసి చేసిన పని.

ఇంకో మహానుభావుడు వెంట్‌కి సిలికాన్ కొట్టి మూసేస్తే చుక్కే పడదు కదా అన్నాడు. అయ్యా! ఆ సందు గదిలో తేమ బయటికి పోవడానికి. అది మూస్తే లోపల అద్దం చెమటపడుతుంది, మూలల్లో నల్లబూజు పడుతుంది. అప్పుడు ఇంటివాళ్లు మిమ్మల్ని పిలిచేది అద్దాలు తుడవడానికి కాదు.

ప్రెషర్ వాషర్ పట్టుకుని సందులోకి సూటిగా కొట్టేవాళ్లతో నాకు మాటల్లేవు.

పందెం కాస్తున్నా. మీకు అలవాటైన పద్ధతిలోనే వెంట్, అద్దం కలిపి కడగండి. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, పావుగంట కట్ చేయకుండా ఆ టోపీ అంచునే వీడియో తీయండి. ఒక్క చుక్కా పడలేదా? ఆ వీడియో నాకు పంపండి. మీరు చెప్పిన ఇంటికొచ్చి వెంట్లన్నీ టూత్‌బ్రష్‌తో తోముతా, కెమెరా ముందే!