సీసా మీద వేరుశనగ కాయ, లోపల ఏ నూనె?

యాంకర్: ఆవకాయల కాలం వచ్చేసింది. విజయవాడలో గానుగ నూనె ఒక్కో కొట్లో ఒక్కో ధర. దేన్ని నమ్మాలండీ?

గానుగ నిర్వాహకుడు: ముందు లెక్క వేసుకోండి. లీటరు వేరుశనగ నూనె దిగాలంటే రెండున్నర కిలోల గుళ్లు పడతాయి, గింజ నాసిగా ఉంటే మూడు. గుళ్లు కిలో 120 అనుకుంటే ముడిసరుకుకే 300. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే వచ్చేది కరెంటుకీ కూలికీ సరి. లీటరు 190కి ఇచ్చేవాడి నూనె గానుగ మొహం చూసి ఉండదు.

యాంకర్: మరి కలిపేదేంటి?

నూనెల రసాయన నిపుణురాలు: ఎక్కువగా పామోలిన్, అంటే పామాయిల్ నుంచి తీసే పల్చటి నూనె. చౌక, పైగా వాసన ఉండదు. కాస్త అసలు నూనె పోస్తే చాలు, ఘుమఘుమ దానిదే వస్తుంది.

యాంకర్: ఫ్రిజ్‌లో గడ్డకడితే కల్తీ అంటారు కదా మేడమ్?

నిపుణురాలు: నమ్మకండి. స్వచ్ఛమైన వేరుశనగ నూనె కూడా చలికి మసకబారుతుంది. ల్యాబ్‌లో అయోడిన్ విలువ, అంటే నూనెలో అసంతృప్త కొవ్వు ఎంతుందో చెప్పే అంకె, చూస్తారు: వేరుశనగకు 85 నుంచి 99, పామోలిన్‌కు 54 నుంచి 62. పామోలిన్ కలిస్తే అంకె పడిపోతుంది. తెలివైనవాడు సన్‌ఫ్లవర్ కూడా పోసి దాన్ని మళ్లీ 90కి లేపుతాడు! అందుకే బెల్లియర్ పరీక్ష కూడా చేయాలి. నూనెను సబ్బుగా మార్చి, ఆల్కహాల్‌లో ఆమ్లం చేర్చి చల్లారుస్తుంటే, వేరుశనగదైతే 39–41 డిగ్రీల దగ్గర మసక కమ్ముతుంది. అక్కడా తేలకపోతే గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే నూనెలోని కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే పరీక్ష.

యాంకర్: పప్పునూనెకి, అదే నువ్వుల నూనెకి?

నిపుణురాలు: రసాయనం కలిపి రంగు చూసే బౌడాయిన్ పరీక్షలో ఎర్రబడుతుంది. కానీ అది నువ్వుల నూనె ఉందని చెబుతుందే తప్ప, ఇంకేమీ లేదని చెప్పదు. డాల్డా లాంటి వనస్పతిలో గుర్తు కోసం కలిపే 5 శాతం నువ్వుల నూనెకే రంగు వస్తుంది మరి.

నిర్వాహకుడు: ఇంకోటి. దీపారాధన నూనె సీసా మీదా నువ్వుల బొమ్మే ఉంటుంది. చౌకగా ఉందని పచ్చడిలో పోయకండి, అది తినడానికి కాదు.

యాంకర్: రెండు నూనెలు కలిపి అమ్మడం అసలు తప్పేనా?

నిపుణురాలు: కాదు, చెప్పి అమ్మితే. ఏ నూనె అయినా బరువులో 20 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతో లేబుల్ మీద ఉండాలి. ముందువైపు బొమ్మ వదిలేసి సీసా వెనక్కి తిప్పి చదవండి.

యాంకర్: అనుమానం వస్తే?

నిపుణురాలు: ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 కింద కొన్నవారే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో, అంటే ఆహార నమూనాలు పరీక్షించే అధికారితో, పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే పరీక్షకు పంపుతానని కొనేటప్పుడే కొట్టువాడికి చెప్పాలి. ఇంటికెళ్లాక గుర్తొస్తే ఆ దారి లేదు. కల్తీ తేలితే ఫీజు వెనక్కిస్తారు.

నిర్వాహకుడు: ఆ మాట కొట్లో అని చూడండి, సగం మంది సీసా మళ్లీ అరలో పెట్టేస్తారు.