ముడుచుకున్న లేసు పువ్వు: గృహిణి కథ రాసేవాళ్లకి

నమస్తే అండి. వెనకాల కనిపిస్తున్నది నరసాపురం రేవు. వశిష్ఠ గోదావరికి అవతల సఖినేటిపల్లి, మధ్యలో వచ్చేది పంటు, అంటే రేవు దాటించే పడవ. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కూర్చుని ఈ ఊరి గృహిణి మీద కథ రాయాలనుకునే వాళ్ల కోసం ఈ వీడియో.

మనవాళ్ల కథల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మొదటి పేజీ నుంచీ ఏడుస్తున్న ఆవిడ చివర్లో ఉన్నట్టుండి ఉపన్యాసం ఇస్తుంది, లేదా సూట్‌కేసుతో గుమ్మం దాటేస్తుంది. అంత బలం అప్పటిదాకా ఎక్కడుందో కనపడదు కాబట్టి చదివేవాళ్లు నమ్మరు. 1910లో గురజాడ ‘దిద్దుబాటు’లో కమలిని భర్తతో వాదనకి దిగదు. ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది. ఆ పనిలోనే ఆవిడేంటో తెలిసిపోతుంది.

ఇక్కడైతే ఆ పని లేసు అల్లిక. భోజనాలయ్యి, గిన్నెలు కడిగాక, సాయంత్రం టీ పెట్టేలోపు దొరికే రెండు గంటలు. నూలిచ్చి, అల్లినవి తీసుకుని డబ్బులిచ్చే ఏజెంటు ఇచ్చిన తెల్ల నూలు, ఒక కొక్కెం సూది. ముందు గొలుసు అల్లి, గుండ్రంగా కలిపి, చుట్టూ వరసలు వేసుకుంటూ పోవాలి. పువ్వులు ఒకరు అల్లితే కలిపేది ఇంకొకరు, దాన్ని అతుకుపని అంటారు. ఇంతలో లోపల్నుంచి కేక: “ఖాళీగానే ఉన్నావుగా, కాసిని మంచినీళ్లియ్యి!” వంటింట్లోకి వెళ్లొస్తే సబ్బుతో చేతులు కడిగి, బాగా ఆరాకే నూలు ముట్టాలి. పసుపు మరక పడితే పీసు పాడైనట్టే. ‘ఆవిడకి అసంతృప్తి’ అని రాయక్కర్లేదండి, ఒక్క మధ్యాహ్నంలో మూడుసార్లు చేతులు కడిగించండి.

కోపంగా ఉన్నప్పుడు చెయ్యి బిగుస్తుంది. కుట్లు దగ్గరపడి పువ్వు గిన్నెలా ముడుచుకుంటుంది. ధ్యాస ఎటో పోతే కుట్టు వదులై అంచు అలలు తేలుతుంది. రెండూ పనికిరావు. అయితే అల్లికకున్న గొప్ప గుణం, కొస పట్టుకుని లాగితే వరసంతా ఊడొస్తుంది, అదే నూలుతో మళ్లీ అల్లుకోవచ్చు. ముడుచుకున్న పువ్వుని మారుమాట లేకుండా విప్పి మళ్లీ మొదలుపెట్టే ఆ నిమిషం మీద ఒక పేరా పూర్తిగా ఖర్చుపెట్టండి. నా లెక్కలో కథకి ప్రాణం అదే.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఈ నరసాపురం ఆడవాళ్ల మీదే పుస్తకం వేశారు. అల్లినవి విదేశాలకి వెళ్తున్నా, అల్లేవాళ్లని తీరిక వేళ గడుపుకునే గృహిణులుగానే లెక్కేశారని అందులో చూపించారు. ఆ ‘తీరిక’ అన్న మాట మీ కథలో భర్త నోటో అత్తగారి నోటో రావాలి.

కాలం వేసవి పెట్టుకుంటే, కాలవలు కట్టేసే రోజులు, అంటే కాలవల్లో నీళ్లు ఆపేసే రోజులు తీసుకోండి. కొబ్బరిచెట్లకి ఒక్క వాక్యం చాలు. నింపుకున్న చెరువు నీళ్లు కాలవ వదిలేదాకా రావాలన్న లెక్క ఆవిడ బుర్రలో ఉంటుంది, అది రాయండి.

ఇక పతాక సన్నివేశం. ఏజెంటు అరుగు మీద కూర్చుని, “నూలు తగ్గిందమ్మా, డబ్బులు కోసేస్తాను” అంటాడు. ఆవిడ గొంతు పెంచదు. “ఆరు ఉండలిచ్చారండి. అయిదు ఉండలు పీసుల్లోకి వెళ్లాయి. ఆరోది ఇదిగో, లేబులు కూడా చింపలేదు. కావాలంటే తూచుకోండి.” భర్త పేపరు దించి చూస్తాడు. అతని మనసులో ఏమనుకున్నాడో రాయకండి. ఆవిడ లోపలికెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, ఆరో ఉండ లేబులు చింపి, మొదటి గొలుసు వేస్తుంది. అక్కడితో ఆపేయండి.