ఉల్లి వేరు చెప్పే మాట ఎంతవరకు నమ్మాలి?

అందరికీ నమస్కారం. ఈ ఉక్కలో కూడా ఇంతమంది వచ్చారంటే సంతోషమే, పైగా ముందు వరసల్లో డిగ్రీ పిల్లలు, వెనకాల పెద్దవాళ్ళు కూర్చున్నారు కాబట్టి ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడతాను.

వైజాగ్‌లో పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిస్తే ఉసిరి రసం, కాకర రసం, గోధుమగడ్డి రసం అమ్మేవాళ్ళు కనిపిస్తారు. పాడేరు, అరకు వైపు సంతలకు వెళ్తే వేర్లు, దుంపలు, బెరళ్ళు దొరుకుతాయి. ఏది కొన్నా "నేచురల్ కదండీ, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అంటారు. ఈ మాటతోనే నా పేచీ. మొక్క తన ఒంట్లో ఆల్కలాయిడ్లు అనే చేదు, విష పదార్థాలు తయారుచేసుకునేది మన షుగరు తగ్గించడానికి కాదు కదా, చాలావరకు తనను తినడానికి వచ్చే పురుగునో పశువునో బూజునో ఆపడానికే. ఆ పదార్థాల్లో కొన్ని సూటిగా కణవిభజన మీదే దెబ్బ కొడతాయి.

దాన్ని చూడటానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, ఉల్లిపాయ చాలు. 1938లో ఆల్బర్ట్ లెవాన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, కాల్చికం మొక్క తయారుచేసే కాల్చిసిన్ అనే విషం ప్రభావాన్ని ఉల్లి వేరు కొనల్లో చూపించాడు. అప్పటినుంచి ఈ పద్ధతి ప్రపంచమంతా నడుస్తోంది. ఉల్లినే ఎందుకంటే దాని క్రోమోజోములు 16 మాత్రమే, అవీ పెద్దవి, మామూలు కాలేజీ మైక్రోస్కోపులో కూడా స్పష్టంగా కనిపిస్తాయి. గడ్డ అడుగు నీళ్ళకు తగిలేలా పెడితే రెండు మూడు రోజుల్లో వేర్లు వస్తాయి, వాటిలో కొన్ని గడ్డల్ని మనం పరీక్షించే మొక్క కషాయంలోకి మార్చి, కొన్నిటిని నీళ్ళలోనే ఉంచుతాం. తర్వాత వేరు కొనలు కోసి, మూడు వంతులు ఆల్కహాల్, ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేసి, ఆమ్లంతో మెత్తబరచి, అసిటోకార్మిన్‌తో రంగు వేసి, కవర్‌స్లిప్ కింద నలిపి చూడటమే. ఒక సంగతి, మొలకెత్తకుండా రేడియేషన్ ఇచ్చిన ఉల్లిపాయలు దీనికి అస్సలు పనికిరావు, రైతు బజారులో కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

ఇక చూసేదేమిటి? ముందుగా వెయ్యి కణాల్లో ఎన్ని విభజనలో ఉన్నాయో లెక్కపెట్టి శాతం వేస్తాం, అదే మైటోటిక్ ఇండెక్స్. కషాయం చిక్కనయ్యేకొద్దీ ఇది పడిపోతుంటే కణాలు విభజనకు రావడం మానేస్తున్నాయన్నమాట. అసలు విషయం మాత్రం విభజనలో ఉన్న కణాల్లో ఉంటుంది. క్రోమోజోముల్ని రెండు వైపులకూ లాగే సన్నని దారాల్ని కండె తంతువులు అంటాం, అవి ఏర్పడకపోతే క్రోమోజోములు మధ్యలో వరస కట్టవు, ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా పడి ఉంటాయి. కొన్ని స్లైడ్లలో బెల్లం పాకంలో పడ్డట్టు ఒకదానికొకటి అంటుకుపోతాయి, అలాంటి కణం మళ్ళీ కోలుకోవడం కష్టం. క్రోమోజోములు రెండు కొసలకు విడిపోయే చలన దశలో ఆ కొసల మధ్య వంతెనలు కనిపిస్తే క్రోమోజోములు విరిగి తప్పుగా అతుక్కుని ఉండొచ్చు. వెనకబడిపోయిన ముక్కలు ఏ కేంద్రకంలోనూ చేరకపోతే తర్వాత చిన్న చుక్కల్లా మిగులుతాయి, వాటిని సూక్ష్మ కేంద్రకాలు అంటాం. నా దృష్టిలో ఇండెక్స్ తగ్గడం కన్నా ఇవే ఎక్కువ ఆలోచించాల్సినవి, ఎందుకంటే విభజన ఆగిన కణం మళ్ళీ మొదలుపెట్టొచ్చు గానీ, పోయిన క్రోమోజోము ముక్క తిరిగి రాదు.

ఇప్పుడు మన పెరట్లోకి వద్దాం. బిళ్ళగన్నేరు తెలియని ఇల్లు ఉండదు. 1950ల చివర్లో షుగరు మందు కోసం దాన్ని పరీక్షిస్తుంటే తెల్ల రక్తకణాలు తగ్గిపోతున్నాయని తేలింది, అలా వచ్చినవే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. కండె తంతువులు తయారయ్యే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌ను అవి పట్టుకుంటాయి. క్యాన్సర్ వార్డులో అదే మందు, కొలత లేకుండా ఆకులు నమిలితే అదే విషం. అడవినాభి దుంపలోనూ కాల్చిసిన్ ఉంటుంది. గౌట్ అనే కీళ్ళ నొప్పికి డాక్టర్లు ఇచ్చే బిళ్ళలో అది అర మిల్లీగ్రాము మాత్రమే, దుంపలో ఎంత ఉందో కొలిచి అమ్మేవాళ్ళెవరు?

పిల్లలూ, ఇక్కడే జాగ్రత్త. ఉల్లి వేరులో ఏమీ కాలేదు కాబట్టి ఈ కషాయం సేఫ్ అని ప్రాజెక్టు రిపోర్టులో రాసేస్తారు, అది తప్పు. మొక్కల ట్యూబ్యులిన్‌కు కాల్చిసిన్ గట్టిగా అంటుకోదు, జంతు కణానికి సరిపోయే మోతాదుకు ఎన్నో రెట్లు పోస్తే గానీ ఉల్లి కణం లొంగదు. కాల్చిసిన్‌ను తయారుచేసే కాల్చికం మొక్కయితే ఇంకా మొండి, తన విషం తనకే పట్టదు. మరోవైపు ఉల్లికి కాలేయం లేదు. ఈశ్వరి వేరు తెలుసు కదా, ఆ జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మన ఒంట్లోని ఎంజైములు మార్చాకే డీఎన్‌ఏకు అంటుకుంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మూలికల బిళ్ళల్లో ఒక మూలిక బదులు ఆ జాతి మొక్క కలిసిపోయి, ఎంతోమంది ఆడవాళ్ళ కిడ్నీలు చెడిపోయాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ జాతి మొక్కలున్న మూలికా మందుల్ని మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. అక్కడ నష్టం బయటపెట్టింది ఉల్లి వేరు కాదు, ఆసుపత్రికి వచ్చిన మనుషులు.

అలాగని దెబ్బ కనిపించిన ప్రతి కషాయాన్నీ విషం అనేయకండి. వేరు నేరుగా కషాయంలో మునిగి ఉంటుంది, మనం తాగేది కడుపు, పేగు, కాలేయం దాటి వెళ్తుంది. పైగా పులుపు ఎక్కువైనా, ద్రావణం మరీ చిక్కగా ఉన్నా వేరు ఎండిపోతుంది. అందుకే కషాయం పీహెచ్, అంటే పులుపు కొలత, ఎంతుందో చూసి, అదే పీహెచ్ ఉన్న మామూలు నీళ్ళలో కూడా ఒక గడ్డ పెట్టండి. ఆల్కహాల్‌తో తీసిన సారమైతే అంతే ఆల్కహాల్ కలిపిన నీళ్ళు ఒక గ్లాసులో ఉండాలి. స్లైడ్ల మీద పేర్లు కాకుండా నంబర్లు వేసి, లెక్కపెట్టే పని ఏ గ్లాసులో ఏముందో తెలియని ఫ్రెండుకి ఇవ్వండి.

పెద్దవాళ్ళకు ఒక్కటే. కీమో నడుస్తున్నవాళ్ళు, గర్భిణులు కషాయాలు తాగుతుంటే డాక్టరు దగ్గర దాచొద్దు, మొక్క పేరు తెలియకపోతే ఆకో కొమ్మో పట్టుకెళ్ళి చూపించండి. ఇక పక్క గదిలో మైక్రోస్కోపులు పెట్టాం, ముందు నీళ్ళలో పెరిగిన వేరు స్లైడు చూసి ఆ తర్వాతే కాల్చిసిన్ స్లైడు దగ్గరకు వెళ్ళండి, లేకపోతే తేడా అందదు.