చప్పుడు చేయని పంపు ఏది?

హోస్ట్: నమస్కారం. పీసీకి వాటర్ కూలింగ్ పెట్టుకున్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇవాళ తీసుకుందాం. అన్నా, అసలు చప్పుడే రాని పంపు ఏది?

గెస్ట్: అలాంటిది ఎవరూ తయారు చెయ్యట్లేదు తమ్ముడూ. అవసరానికి మించిన పంపు కొని, దాన్ని నెమ్మదిగా తిప్పుకోవాలి. కస్టమ్ లూప్, అంటే విడి భాగాలు కొని మనమే కట్టుకునే వాటర్ కూలింగ్, అనేసరికి ఎటు తిరిగినా రెండు పేర్ల దగ్గరికే వస్తాం: డీ5, డీడీసీ. రెండూ లైంగ్ కంపెనీ డిజైన్లే. పైన ఏ బ్రాండ్ స్టిక్కర్ ఉన్నా, చాలావాటిలో లోపల తిరిగేది ఆ మోటారే.

హోస్ట్: మరి రెండిట్లో?

గెస్ట్: చప్పుడు గురించే నీ బాధయితే డీ5. డీడీసీ చిన్నది, ప్రెషర్ గట్టిగా ఇస్తుంది, ఇరుకు కేబినెట్‌లో అదే దిక్కు. కానీ స్పీడ్ పెంచితే సన్నగా కీచుమంటుంది, వేడీ ఎక్కువే. డీ5 అయితే గుయ్‌మని కింది స్థాయిలో మోగుతుంది, ఆ మోత ఫ్యాన్ గాలిలో కలిసిపోతుంది. కీచుశబ్దం అలా కలవదు, చెవిలో గుచ్చుకుంటూనే ఉంటుంది.

హోస్ట్: డీ5 బాక్సు మీద గంటకి 1500 లీటర్లని ఉంటుంది. అంత నీళ్ళు పీసీకెందుకు?

గెస్ట్: అది ఏ అడ్డూ లేనప్పటి లెక్క. చిప్ మీద కూర్చుని వేడి లాగే బ్లాకులు, ఆ వేడిని గాలికి వదిలే రేడియేటర్లు, గొట్టాలు కలిపే ఫిట్టింగులు అన్నీ తగిలించాక 200, 300 లీటర్లు వస్తే బ్రహ్మాండం. ఇప్పుడో చిన్న లెక్క చూడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిపి 400 వాట్ల వేడి వదులుతున్నాయనుకో. గంటకి 240 లీటర్లు పారితే, బ్లాకుల్లోకి వెళ్ళే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా దాదాపు 1.4 డిగ్రీలు. ప్రవాహం సగానికి తగ్గించు, 120 లీటర్లు. తేడా 2.9 అవుతుంది, అంతే!

హోస్ట్: ఒకటిన్నర డిగ్రీ కోసం అంత గోల పెట్టించుకుంటున్నామన్నమాట.

గెస్ట్: బ్లాకుల్లో ఇంకొంచెం పోతుందిలే, అయినా పెద్ద లెక్కలోది కాదు. అటువైపు లాభం చూడు. పంపు స్పీడ్ సగం చేస్తే ప్రవాహం దాదాపు సగం అవుతుంది, కానీ నీటిని తొయ్యడానికి పడే పవర్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది. డీ5 స్పీడ్ 1800 నుంచి 4800 ఆర్‌పీఎమ్ దాకా ఉంటుంది. నేనైతే 2500 దగ్గర మొదలుపెట్టి, ఉష్ణోగ్రత చూసుకుంటూ అవసరమైతేనే పెంచుతాను. కొనేటప్పుడే పీడబ్ల్యూఎమ్, అంటే వైరు సిగ్నల్‌తో స్పీడ్ మార్చుకునే ఏర్పాటు, ఉన్నదో, వెనక నాబ్ ఉన్నదో అడిగి తీసుకో. పీడబ్ల్యూఎమ్ అయితే మదర్‌బోర్డు నుంచే నడిపించుకోవచ్చు. నాబ్ రకానికి ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగాలి.

హోస్ట్: ఒక శ్రోత అడిగారు, ఇంట్లో ఎయిర్ కూలర్ పంపు ఉంది, అది పెట్టేసుకోవచ్చా అని.

గెస్ట్: (నవ్వు) ఆలోచన మరీ వింతదేం కాదు. ఇరవై, పాతికేళ్ళ కిందట ఈ పిచ్చి మొదలైనప్పుడు జనం వాడింది అక్వేరియం పంపులే. జర్మనీ వాళ్ళ ఏహైమ్ 1046, 1048కి మంచి పేరుండేది. అయితే అవి పీసీ పవర్ సప్లై మీద కాదు, నేరుగా గోడ ప్లగ్గు కరెంటు మీద నడిచేవి, పీసీ ఆన్ చేస్తే పంపూ ఆన్ అవ్వాలని మధ్యలో రిలే పెట్టుకునేవాళ్ళు. కూలర్ పంపు సంగతి వేరు. ఖస్‌ఖస్ తడకల మీద నీళ్ళు వదలడానికి చేసింది అది, బ్లాకులో వెంట్రుకవాసి సందుల్లోంచి తొయ్యాలంటే దాని వల్ల కాదు.

హోస్ట్: మంచి పంపే కొన్నాను, స్పీడూ తగ్గించాను, అయినా మోత ఆగట్లేదంటే?

గెస్ట్: ముందు కేబినెట్ మీద చెయ్యి వేసి చూడు, రేకు వణుకుతోందా? పంపుని నేరుగా రేకుకి బిగించేస్తారు. తంబురాకి బుర్ర ఎలాగో దానికి కేబినెట్ అలా, చిన్న కంపనాన్ని పెద్దది చేస్తుంది. మధ్యలో మెత్తటి సిలికాన్ ప్యాడో, ఫోమో పెట్టి, స్క్రూలు ఎక్కడా రేకుని తగలకుండా రబ్బరు వాషర్లతో వదులుగా బిగించు. గట్టి గొట్టాలు వాడితే పంపు దగ్గర ఒక ముక్క మెత్తటి ట్యూబు వెయ్యి, లేకపోతే ఆ వణుకు గొట్టం పట్టుకుని రేడియేటర్ దాకా పోతుంది.

హోస్ట్: కొత్తగా నింపినప్పుడు వచ్చే గరగర?

గెస్ట్: అది గాలి. పీసీని అటూ ఇటూ వాల్చి, పంపు స్పీడ్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటే బుడగలు రిజర్వాయర్‌లోకి, అంటే లూప్‌లోని నీళ్ళ డబ్బాలోకి, వచ్చేస్తాయి. రిజర్వాయర్ మాత్రం పంపుకి పైనే ఉండాలి, నీళ్ళు వాటంతటవే పంపులోకి దిగాలి. నీళ్ళు లేకుండా మాత్రం ఎప్పుడూ తిప్పకు, "ఒక్కసారి పనిచేస్తుందో లేదో చూద్దాం" అని కూడా. లోపలి బేరింగ్‌కి తడే ఆయిలు, ఎండితే అరిగిపోతుంది.

హోస్ట్: పంపు, బ్లాకు, రేడియేటర్ అన్నీ కలిపే వచ్చే రెడీమేడ్ ఏఐఓ (ఆల్-ఇన్-వన్) వాడేవాళ్ళకి?

గెస్ట్: వాళ్ళకి పంపు ఎంచుకునే అవకాశం లేదు, పెట్టే చోటు ఒక్కటే చేతిలో ఉంటుంది. పంపు చాలావాటిలో ప్రాసెసర్ మీది బ్లాకులోనే ఉంటుంది. రేడియేటర్‌ని కేబినెట్ అడుగున పెడితే గాలంతా పైకెక్కి పంపులో చేరి గరగరమంటుంది. రేడియేటర్ పైన పెట్టు, లేదా ముందు వైపు పైభాగం పంపు కన్నా ఎత్తులో ఉండేలా బిగించు.

హోస్ట్: మే నెలలో హైదరాబాద్‌లో గది 38 డిగ్రీలుంటే, పంపు స్పీడ్ పెంచితే ఏమైనా చల్లబడుతుందా?

గెస్ట్: గది ఉష్ణోగ్రత కన్నా కిందికి నీళ్ళు దిగవు తమ్ముడూ, పంపుని ఎంత తిప్పినా. అప్పుడు ఫ్యాన్లు పెంచుకో, పంపు జోలికి పోకు.